నలభై ముడుల తాడు

20 అక్టోబర్ 2024, ఆదివారం

లెక్కల పుస్తకాన్ని వెనక నుంచి తెరిచి రాస్తున్నాను. ముందు పేజీలు కొన్నవీ అమ్మినవీ. ఇది వేరే.

ఈ యాసంగికి అరెకరంలో గోబిపువ్వు, అదే కాలీఫ్లవర్. మొదటిసారి వేస్తున్నాను. వ్యవసాయ పుస్తకంలో ఉన్నది ఇది: సాలుకీ సాలుకీ రెండడుగులు, మొక్కకీ మొక్కకీ పద్దెనిమిది అంగుళాలు. దగ్గరైతే ఆకు ఆకును కప్పుతుంది, గాలాడదు, పువ్వు చిన్నదవుతుంది. మరీ దూరమైతే నేల దండగ. మా ఊళ్లో ఎవరూ కొలిచి నాటించరు. కూలికి వచ్చినవాళ్లు చేతి మూర పెట్టి నాటుతారు. అందుకే ఎవరి చేనూ ఒక తీరుగా ఉండదు.

ఆత్మకూరు నుంచి జనపనార తాడు తెచ్చాను. చిటికెన వేలంత లావు. గుమ్మం దగ్గర నుంచి బర్రెల తొట్టి దాకా పరిచి, టేపు పెట్టి, పద్దెనిమిది అంగుళాలకొక బొగ్గు గీత గీశాను. నలభై గీతలు, అరవై అడుగులు. బొగ్గు బురదలో చెరిగిపోతుంది. అందుకని ప్రతి గీత మీదా ఒక ముడి వేశాను. ముడి చెరగదు. చూడకపోయినా చేతికి తెలుస్తుంది.

మళ్లీ పరిచి చూస్తుంటే నా భార్య తిమ్మమ్మ బియ్యం చెరుగుతూ అంది: "పొద్దుగాల తొట్టి దాక పోయె గద. ఇప్పుడు గీడనే ఆగిందేంది?"

ముడులు పడ్డ తాడు మెలికలు పోతుంది, గుంజి పడితే సరిపోతుంది అన్నాను. కొట్టంలో మేకుకు తగిలించాను.

పని సంతృప్తిగా ఉంది.

26 అక్టోబర్, శనివారం

నాటు. నారు డెబ్బై ఆరు ట్రేలు, ట్రేకు తొంభై ఎనిమిది. విజయమ్మ, ఆమె వెంట ఎనిమిది మంది. ఇరవై ఏళ్లుగా మా చేన్లో నాటు ఆమె గుంపుదే.

మిగిలిన ట్రేలు తేవడానికి నేను ఆత్మకూరు పోయి వచ్చేసరికి నాలుగు సాళ్లు నాటేశారు. చేతులు పెట్టి.

"తాడు వచ్చినంక నాటమంటి గద."

"పద్దెనిమిది ఇంచులంటె మూరనే గద బక్కన్నా," అంది విజయమ్మ. "పూలమ్మేటామె టేపు పట్టుకొని తిరుగుతదా?"

అందరూ నవ్వారు.

"అందరి మూర ఒక్కటి కాదు."

"గది నిజమే. నీ మూర సర్కారు మూర. మాది కూలి మూర."

మళ్లీ నవ్వారు. నేను నవ్వలేదు. ఐదో సాలు నుంచి తాడు పెట్టించాను. ఒక కొస ఆమె, ఇంకో కొస వేరొకామె పట్టుకుని, నలభై ముడులకు నలభై మొక్కలు నాటడం, తాడు జరపడం.

రెండు సాళ్లయ్యాక విజయమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని లేచింది. "అన్నా, జర దగ్గరైతున్నట్టున్నది."

"ముడి కాడ నాటు. నీకెందుకు పరేషాన్."

మధ్యాహ్నం మూడున్నరకు నారు అయిపోయింది. ఇంకా ఐదు గుంటల నేల మిగిలింది. నా లెక్క ప్రకారం నారే కొంత మిగలాలి. టేపు తీసి కొలిచాను. పదమూడు. పక్కన పదమూడు. ఇంకోచోట పన్నెండున్నర.

తాడు సడలుగా పట్టారు, తొందరగా ఇంటికి పోదామని చూశారు అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. విజయమ్మ చేతుల మట్టి దులుపుకుని నా దగ్గరకు వచ్చింది.

"ముడి ఏడుంటె మొక్క ఆడ పెట్టినం. సడలు పడితె ఒకటి దగ్గర వస్తది, ఒకటి దూరం వస్తది అన్నా. అన్నీ ఒక్కతీరుగ దగ్గరెట్ల అయితయి?"

కూలికి వచ్చినవాళ్లతో వాదం పెట్టుకోవడం నాకు అలవాటు లేదు. ఇంటికి వచ్చేశాను. మిగిలిన ఐదు గుంటల్లో కొత్తిమీర చల్లాలి.

27 అక్టోబర్

ఆత్మకూరులో చంద్రశేఖర్ కలిశాడు. మా ఊరివాడే, చేన్లు పక్కపక్కనే. నాలుగెకరాల ఉల్లినాటు పెట్టుకున్నాడు, ఆ తర్వాత టమాట. చాయ్ తాగుతూ అడిగాడు, "మామా, నీ నాటు అయింది గద. విజయమ్మ గుంపు ఎట్ల చేసిండ్రు? నాక్కూడ వాళ్లనే చెప్దామని."

ఉన్నది చెప్పాను. తాడు సరిగ్గా పట్టలేదు, నారు తక్కువ పడింది, ఐదు గుంటలు బీడు పడింది అని.

"లెక్కల బక్కయ్యకే టోపీ పెట్టిండ్రంటె ఇగ నన్నేం లెక్క చేస్తరు!" అని నవ్వాడు.

అడిగాడు కాబట్టి చెప్పాను. నేనుగా చెప్పలేదు.

28 అక్టోబర్

నీళ్లు పెట్టాను.

3 నవంబర్

మొక్క పట్టుకుంది. ఇరవై చోట్ల కొలిచాను.

చెయ్యి పెట్టి నాటిన నాలుగు సాళ్లలో: 17, 18, 17½, 18, 17. తాడు పెట్టి నాటిన సాళ్లలో: 13, 13, 12½, 13, 13. మిగతావీ అంతే.

చేతి సాళ్లలో కొద్దిగా తేడా ఉంది. తాడు సాళ్లలో దాదాపు తేడా లేదు. సడలు పడితే ఒకటి దగ్గర, ఒకటి దూరం...

కొత్తిమీర మొలకెత్తింది.

4 నవంబర్

తాడు కొట్టంలోనే మేకుకు ఉంది.

7 నవంబర్

చంద్రశేఖర్ చేనికి రాజోలి వైపు నుంచి ఆటోలో కూలోళ్లు వచ్చారు. పద్నాలుగు మంది. ఉల్లినాటు మొదలైంది. మా గట్టు మీద నిలబడితే వాళ్ల మాటలు వినిపిస్తాయి. మధ్యలో కన్నడ మాటలు.

విజయమ్మ గుంపుకు నాలుగు రోజులుగా పని లేదని తిమ్మమ్మ అంది. నన్ను చూస్తూ అనలేదు. పొయ్యిని చూస్తూ అంది.

8 నవంబర్

అన్నం సయించలేదు. మూడుసార్లు చేనికి పోయి వచ్చాను. అక్కడ చేసే పనేమీ లేదు. పోవడానికి ఆరు వందల నలభై అడుగులు, రావడానికి ఆరు వందల ముప్పై రెండు. వచ్చేటప్పుడు అడుగు పెద్దగా పడుతుందేమో.

9 నవంబర్

తాడు కొలిచాను.

10 నవంబర్

మబ్బు పట్టింది. వాన రాలేదు.

12 నవంబర్

నార తాడు తడిస్తే ముడుచుకుంటుంది. అది దాని గుణం. అందులో ఎవరి తప్పూ ఉండదు. అరవై అడుగుల తాడు నలభై మూడున్నర అయిందంటే అంతా తడి వల్ల కాకపోవచ్చు. కొంత తడి, కొంత రెండు కొసలా పట్టుకుని గుంజడం. గుంజితే పొడుగవుతుంది కదా. గుంజడం వల్ల కాదు.

తడి వల్లే అయి ఉంటుంది.

14 నవంబర్

తాడు రెండు రోజులు ఎండలో వేసి కొలిచాను. నలభై నాలుగు అయింది. అంతకు మించి సాగలేదు.

ఒక ముడి విప్పాను. బిగిసిపోయింది, మేకు మొన పెట్టి విప్పాల్సి వచ్చింది. దాని ఈ పక్క ముడికీ ఆ పక్క ముడికీ మధ్య ఇరవై ఆరు అంగుళాలు ఉండేది. విప్పాక ముప్పై ఒకటి. ముడి లోపల నా బొగ్గు గీత అట్లాగే ఉంది, నల్లగా.

ఒక్కో ముడి ఐదు అంగుళాల తాడును మింగింది.

విప్పిన ముడిని మళ్లీ అక్కడే వేశాను. ఎందుకు వేశానో తెలియదు.

15 నవంబర్

అయినా ఆమె చెప్పొచ్చు కదా. ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. దగ్గరవుతుంటే దగ్గరవుతుందని చెప్పొచ్చు.

అదే రోజు, సాయంత్రం

అక్టోబర్ 26 పేజీ చదివాను. చెప్పింది. నా చేత్తో నేనే రాసుకున్నాను.

22 నవంబర్

వనపర్తికి మందు తేవడానికి పోతూ ఆత్మకూరు బస్టాండులో విజయమ్మను చూశాను. కూతురు అఖిల కూడా ఉంది. ఆ పిల్ల ఇక్కడే ఇంటర్ రెండో సంవత్సరం. తప్పించుకుని పోదామనుకున్నాను, బస్సు రాలేదు.

"మంచిగున్నవా అన్నా?"

"ఆఁ."

"నీ తాడు మంచిగున్నదా?"

అఖిల నవ్వాపుకుంది. నేను బస్సు బోర్డులు చదివాను. చెప్పడానికి అదే అదను. ఒక్క మాట. అంతలో వనపర్తి బస్సు వచ్చింది, నిండుగా ఉంది. ఇంకోటి వెనకే ఉందని కండక్టర్ అరిచాడు. నేను ఆ నిండు బస్సే ఎక్కాను. వనపర్తి దాకా నిలబడే పోయాను.

23 నవంబర్

చెప్పినా ఇప్పుడు లాభమేమిటి. ఉల్లినాటు అయిపోవచ్చింది.

6 డిసెంబర్

తాడు సాళ్లలో ఆకులు కలిసిపోయాయి. పది గంటలైనా లోపల మంచు తడి ఆరడం లేదు. చెయ్యి పెడితే గుడ్డ పిండినట్టు తడి. కింది ఆకులు అంచుల నుంచి పసుపు పడుతున్నాయి. మందు కొట్టాను.

చేతి సాళ్లు నాలుగూ ఎడంగా, లేత ఆకుపచ్చగా ఉన్నాయి. ఎనిమిదింటికే ఆరిపోతున్నాయి. రోజూ మొదట అటే పోయి నిలబడుతున్నాను. తర్వాత ఇటు రావడానికి కాలు కదలదు.

14 డిసెంబర్, శనివారం

వ్యవసాయ విస్తరణ అధికారి ఉమ మేడం వచ్చింది. చిన్నామె, కొత్తగా వచ్చింది. గట్టు మీద నిలబడి ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసింది.

"బక్కయ్య గారూ, నాలుగు సాళ్లు దూరంగా, మిగతావి దగ్గరగా పెట్టారు! పోల్చి చూద్దామనేనా?"

నేను గట్టు మీద గడ్డి పీకాను.

"ఎంతెంత దూరం?"

"అవి పద్దెనిమిది. ఇవి పదమూడు."

"కొలిచి నాటించారా! ఇక్కడ ఎవరికి చెప్పినా వినరండీ. ఒకే చేన్లో రెండు దూరాలు, ఒకే నారు, ఒకే నీళ్లు. ఇంతకన్నా మంచి పాఠం ఉండదు. ఈ ఆలోచన మీదేనా?"

"అవును," అన్నాను.

ఆ ఒక్క మాటే అన్నాను. జనవరి 9న చుట్టుపక్కల రైతులను తీసుకొచ్చి ఫీల్డ్ డే పెడతానంది. నా ఫొటో తీసింది. తాడు సాళ్ల ముందు నిలబెట్టి.

15 డిసెంబర్

పెద్ద అబద్ధమేమీ కాదు. దూరాలు నిజమే చెప్పాను.

16 డిసెంబర్

చంద్రశేఖర్ గట్టు మీదికొచ్చి చాలాసేపు చూశాడు. "మేడం చెప్పింది మామా. ట్రయలంట గద! మరి నాకు విజయమ్మోళ్లు ఖరాబు చేసిండ్రని చెప్తివి?"

అది వేరే ఇది వేరే అన్నాను. ఎట్లా వేరో అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్నో.

ఇక నేను తాడు సంగతి చెబితే రెండు అబద్ధాలు బయటపడతాయి.

25 డిసెంబర్, బుధవారం

ప్రతి క్రిస్మస్‌కూ విజయమ్మ ఇంటి నుంచి స్టీలు డబ్బా వస్తుంది. కజ్జికాయలు, నాలుగు కేకు ముక్కలు. తిమ్మమ్మ తింటుంది. నేను తినను. ఎందుకు తినవని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఈసారి డబ్బా రాలేదు. మధ్యాహ్నం దాకా వాకిట్లోనే ఉన్నాను.

28 డిసెంబర్

కొట్టంలోకి పోయేసరికి తిమ్మమ్మ తాడు మేకు నుంచి దించి చూస్తోంది.

"ఏం జేస్తున్నవ్?"

"దూడ పలుపు తెగింది. గిది కోద్దామని."

"వద్దు."

"ఎందుకు? మళ్ల నాటుతవా దీంతోని?" ఒక ముడిని బొటనవేలితో నొక్కి చూపించింది. "నాకు ఆ దినమే తెలుసు. తొట్టి దాక ఉన్న తాడు గాలికి తరగదు గద. నువ్వు లెక్క రాస్తవు. నేను కండ్లతోని చూస్త."

"మరి అప్పుడే గట్టిగ చెప్పకపోతివి?"

"చెప్పిన. గుంజి పడితె సరిపోతదంటివి."

తాడు నా చేతిలో పెట్టి పోయింది. పలుపుకు పాత చీర కొంగు పేనింది.

4 జనవరి 2025, శనివారం

మొదటి కోత. చేతి సాలు ఒకటి, తాడు సాలు ఒకటి, పూర్తిగా కోసి తూచాను. ఒక్కో సాలు నూరడుగులు.

చేతి సాలు: 66 మొక్కలు. కోసినవి 63. మొత్తం 57 కిలోలు. ఒక్కోటి తొమ్మిది వందల గ్రాములు, తెల్లగా, గట్టిగా.

తాడు సాలు: 92 మొక్కలు. పనికొచ్చినవి 80. మొత్తం 52 కిలోలు. ఒక్కోటి ఆరు వందల యాభై. మిగిలిన పన్నెండింటిలో కొన్ని గుండీలంతే ఆగిపోయాయి, కొన్ని నల్లమచ్చ పడి కుళ్లాయి.

ఇరవై ఆరు మొక్కలు ఎక్కువ పెట్టి ఐదు కిలోలు తక్కువ.

కాగితం మీద చూస్తే అంత ఘోరమేమీ కాదు. అదే నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. చేను మొత్తం పోయి ఉంటే ఎవరో ఒకరు అడిగేవాళ్లు, ఏదో ఒకటి తేలేది.

5 జనవరి

వనపర్తి మార్కెట్. పెద్ద వ్యాపారి చేతి సాళ్ల పువ్వునే చూశాడు. తాడు సాళ్లది ముట్టుకోలేదు. బయట కూర్చుని అమ్మే పార్వతమ్మ మాత్రం చిన్నవన్నీ తన ముందు పోయించుకుంది.

"పెద్దది నేను కోసి సగం అమ్మాలె, సగం వాడిపోతది. గిది నలుగురున్న ఇంటికి ఒక పూటకు సరి. వచ్చే ఏడు గూడ గిట్లనే చిన్నగ పండియ్యి కాకా. నీకు మస్తు తెలివున్నది."

తెలివి అన్న మాట ఆత్మకూరు దాకా బస్సులో నా పక్కనే కూర్చుని వచ్చింది.

ఆ పువ్వుకు తెలియదు తనను ఎవరు దగ్గరగా పెట్టారో. పార్వతమ్మకూ తెలియదు. మేడానికీ తెలియదు. తిమ్మమ్మకు తెలుసు. విజయమ్మకు మొదటి నుంచీ తెలుసు.

7 జనవరి

తిమ్మమ్మ చెప్పింది. విజయమ్మా భర్త ఆశీర్వాదమూ శుక్రవారం పోయే పూనా బస్సుకు పేర్లు ఇచ్చారు. కట్టడం పని. ఏటా నాట్లయ్యాక పోయేవాళ్లు, తొమ్మిదేళ్ల కింద మానేశారు, ఇక పోమనుకున్నారు. గుంపులో నలుగురు ముందే పోయారు. అఖిలను పరీక్షల దాకా మేనత్త ఇంట్లో ఉంచుతారట.

"టమాట నాటైన దొరికితె ఉంటుంటిమి అన్నది," అంది తిమ్మమ్మ. "చంద్రశేఖర్ రాజోలోళ్లకే చెప్పిండంట."

నేను లేచి చేనికి పోయాను. వచ్చాను. మళ్లీ పోయాను.

8 జనవరి, బుధవారం

విజయమ్మ ఇంటికి పోయాను. ఇరవై ఏళ్లలో ఆ గల్లీలోకి పోవడం ఇది మూడోసారో నాలుగోసారో. ఎప్పుడూ వాకిలి బయట నిలబడే పిలుస్తాను. ఈరోజూ అంతే.

బయటికి వచ్చింది. చేతులకు సబ్బు నురగ.

"రేపు పది గంటలకు పొలం కాడికి రా."

"కూలికా, మాట పడడానికా?"

"రా."

"ఎందుకో చెప్పవా?"

చెప్పాలనే పోయాను. లోపల ఆశీర్వాదం సంచికి తాడు కడుతున్నాడు, రెండు సంచులు. అది చూస్తూ నిలబడ్డాను.

"నువ్వు మాటలకు గూడ ముడులేస్తవు అన్నా," అని లోపలికి పోయింది.

వస్తానని చెప్పలేదు, రానని చెప్పలేదు.

9 జనవరి, గురువారం

అన్నీ రాయాలి. వరసగా.

పదింటికి ఇరవై రెండు మంది రైతులు వచ్చారు. ఉమ మేడం అట్ట మీద పెద్ద అక్షరాలతో రెండు దూరాలూ రాసి తెచ్చింది. చంద్రశేఖర్ ముందే నిలబడ్డాడు. విజయమ్మ లేదు.

మేడం బాగా చెప్పింది. ఎండ ఎట్లా పడుతుంది, ఆకు తడి ఎందుకు ఆరదు, వేర్లు ఎట్లా పోటీ పడతాయి. రెండు రకాల పువ్వులనూ పక్కపక్కన పెట్టి తూచి చూపించింది. తర్వాత అంది: "బక్కయ్య గారు ఎవరూ చెప్పకుండానే, తనే చదువుకుని, కొలిచి ఈ ప్రయోగం చేశారు. ఆయన మాటల్లోనే విందాం."

చప్పట్లు కొట్టారు.

అప్పుడు చూశాను. కొత్తిమీర మడి అవతల విజయమ్మ నిలబడి ఉంది. పనికి వచ్చే పాత చీర కాదు, బస్సెక్కడానికి ఉంచుకున్న చీరేమో. దగ్గరకు రాలేదు.

నేను సంచిలోంచి తాడు తీశాను. ఒక కొస చంద్రశేఖర్‌కు ఇచ్చాను.

"గుంజి పట్టు. ఎంత గుంజుతవో గుంజు."

ఇంకో కొస నేను పట్టుకున్నాను. "విజయమ్మా, జర ఇటు రా," అని పిలిచాను. అందరూ ఆమె వైపు తిరిగారు. మెల్లగా వచ్చింది.

"ఒక ముడి కాడ మోచెయ్యి పెట్టు."

నన్ను ఒకసారి చూసింది. కింద కూర్చుని, మోచెయ్యి ముడి మీద ఆనించి, చెయ్యి చాపింది. వేలి కొసలు రెండో ముడిని దాటి, ఇంకో నాలుగైదు అంగుళాలు అవతలికి పోయాయి.

వెనకవాళ్లు చూడ్డానికి ముందుకు జరిగారు.

"ఆ నాలుగు సాళ్లు ఈ చెయ్యి నాటింది," అన్నాను. "తక్కినయి ఈ తాడు నాటింది. తాడు నాది. గీత పద్దెనిమిదికే గీసిన. గీత మీద ముడేసిన. ముడి ఐదు ఇంచులు తిన్నది. ముడేసినంక నేను మళ్ల కొలవలె. దగ్గరైతున్నదని ఈమె ఆ దినమే చెప్పింది. నేను ఇనలె. ఇది ట్రయల్ కాదు, తప్పు. చంద్రశేఖరూ, నీకు నేను చెప్పింది అబద్ధం."

నా జీవితంలో పదిమంది ముందు ఇంత మాట్లాడలేదు.

వెనక నుంచి ఎవరో అరిచారు: "లెక్కల బక్కయ్య లెక్క తప్పిండురో!" అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు. మేడం ముఖం ఎర్రబడింది. కాసేపటికి అట్ట మీద ప్రయోగం అన్న మాట కొట్టేసి, నా వైపు చూడకుండా అడిగింది, "తూకాలైనా నిజమేనా?"

"నిజమే మేడం. పుస్తకంలో ఉన్నయి."

"అయితే పాఠం పాఠమే," అంది.

చంద్రశేఖర్ తాడు వదిలేశాడు. "సరే తియ్యి మామా. టమాట నాటుకు విజయమ్మోళ్లనే రమ్మను."

ఆమె ఇంకా కిందే కూర్చుని ఉంది. "నేను ఈడనే ఉన్న గద పటేలా. నాకే చెప్పు."

మళ్లీ నవ్వారు. ఈసారి చంద్రశేఖర్‌ను చూసి. అతను తల గోక్కుని, "వస్తవా విజయమ్మా, సోమవారం నుంచి?" అన్నాడు.

"రేపు పూనా బస్సుకు చెప్పినం," అంది. లేచి చీర దులుపుకుంది.

జనం పోయాక ఆమె గట్టు దాకా నడిచి ఆగింది.

"వాళ్లందరికి చెప్పినవు అన్నా. నాకు చెప్పలె."

పోయింది.

నిజమే. రెండు నెలలుగా ఈ పుస్తకానికి చెప్పాను. ఈరోజు ఇరవై రెండు మందికి చెప్పాను.

10 జనవరి, శుక్రవారం

ఏడింటికి పోయాను, తాడు తీసుకుని. వాకిలి బయట ఆగలేదు. గుమ్మంలో రెండు సంచులు ఉన్నాయి. వాటిని దాటి లోపలికి పోయాను. ఆశీర్వాదం లేచి నిలబడ్డాడు.

"తప్పు నాది విజయమ్మా. నీ మీద పెట్టిన," అన్నాను.

ఆమె చాప చూపించి "కూసో" అంది. అఖిల చాయ్ తెచ్చింది. తాగాను. చక్కెర ఎక్కువ.

"తాడెందుకు తెచ్చినవు?"

"ముడులు ఇప్పుదామని. నాకు బిగిసినయి వస్తలేవు."

తాడు ఒడిలోకి లాక్కుంది. కొడవలి మొన ముడిలోకి దూర్చి, తిప్పి, ఒకటి విప్పింది. లోపలి బొగ్గు గీత చూసి "హూఁ" అంది. "ఈ గీతల కాడ ఎర్ర గుడ్డపీలికలు కడితె అయిపోతుండె. గంత చదివి గింత తెల్వకపాయె."

నేను ఇంకో కొస నుంచి మొదలుపెట్టాను. ఒక్కొక్కటే. ఆశీర్వాదం గడియారం చూస్తున్నాడు. బస్సు ఎనిమిదిన్నరకు. ఎనిమిదింటికి పదకొండు ముడులు విప్పాం. ఎనిమిదింబావుకు పద్నాలుగు. అఖిల పాత ఎర్ర లంగా ఒకటి తెచ్చి పీలికలుగా చింపడం మొదలుపెట్టింది.

రోడ్డు మీద హారన్ రెండుసార్లు మోగింది. ఇంకా ఇరవై మూడు ముడులున్నాయి.

విజయమ్మ లేవలేదు.